క్రియను ముందుకు లాగండి, మిగతాది వెనక నుంచి చదవండి

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంగ్లీషు మాటలు బాగానే తెలుసు, వాక్యమే కుదిరేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరేం అడిగినా "ఐ... ఎస్టర్డే... దట్ రిపోర్ట్..." అంటూ నీళ్లు నమిలేవాణ్ణి. "సెంట్" అనేలోపు ఎదుటి మనిషే నా వాక్యం పూర్తి చేసేసేవాడు. మాటలు గుర్తు రాక కాదు, తెలుగు వరసలో ఆలోచించి మాటలొక్కటే మార్చి చెబుతున్నానని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మనకు వరస పట్టింపు తక్కువ. "పిల్లి కుక్కని తరిమింది" అన్నా, "కుక్కని పిల్లి తరిమింది" అన్నా పరిగెత్తింది కుక్కే. ఆ "ని" అంతా చూసుకుంటుంది. ఇంగ్లీషులో "ని" లేదు. "ద క్యాట్ చేజ్డ్ ద డాగ్"లో జంతువుల్ని అటూ ఇటూ మారిస్తే ఈసారి పిల్లి పరిగెత్తాలి.

ఇక సాధన. ఒక కాగితం, కత్తెర తీసుకోండి. మీకు నిజంగా జరిగిన విషయమే తెలుగులో రాయండి. పుస్తకంలో వాక్యాలు వద్దు, అవి రెండో రోజుకే విసుగొస్తాయి. నేను మొదట రాసింది ఇది: "నేను నిన్న బస్టాప్‌లో పాత స్నేహితుడితో మాట్లాడాను." దీన్ని ఐదు చీటీలుగా కత్తిరించాను: నేను, నిన్న, బస్టాప్‌లో, పాత స్నేహితుడితో, మాట్లాడాను.

"నేను" ఉన్నచోటే ఉంచండి. ఆఖరి చీటీ, అంటే క్రియను, లాక్కొచ్చి దాని పక్కన పెట్టండి. మిగిలిన మూడింటినీ వెనక నుంచి ముందుకు పేర్చండి. నేను, మాట్లాడాను, పాత స్నేహితుడితో, బస్టాప్‌లో, నిన్న. ఇప్పుడు ఇంగ్లీషులో చదవండి: "ఐ టాక్డ్ విత్ యాన్ ఓల్డ్ ఫ్రెండ్ ఎట్ ద బస్ స్టాప్ ఎస్టర్డే." అద్దంలో చూసినట్టు లేదూ? ఒక్కో చీటీ లోపల కూడా అంతే. "స్నేహితుడితో"లో తోకలా ఉన్న "తో", "విత్" అయి తలకెక్కింది. "పాత" మాత్రం కదల్లేదు. విశేషణం రెండు భాషల్లోనూ నామవాచకానికి ముందే ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పకండి.

రోజుకు ఐదు వాక్యాలు చాలు. పేర్చాక పైకి చదవాలి, కళ్లతో చదివితే నోటికి అలవాటు కాదు.

కొన్ని చోట్ల చీటీయే దొరకదు. "ఇప్పుడే వచ్చాను" అంటే మనకు సరిపోతుంది, ఇంగ్లీషుకు "ఐ" రాసి పెట్టాల్సిందే. "ఆయన డాక్టర్"లో క్రియే లేదు, "ఈజ్" మీరే తేవాలి. "నాకు తలనొప్పిగా ఉంది" మరీ తంటా. "నాకు" వెళ్లి "ఐ" అవుతుంది, "ఐ హావ్ ఎ హెడేక్". ఇలాంటివాటిని కత్తిరించకుండా వేరే పేజీలో రాసుకుని కంఠస్థం చేశాను.

అద్దం బాగా పనికొచ్చేది పొడుగు వాక్యాల్లో. "నిన్న నేను చూసిన ఇల్లు" చూడండి. ఇల్లు ముందుకొస్తుంది, "నేను చూసిన" దాని వెనక, "నిన్న" చివర. "ద హౌస్ ఐ సా ఎస్టర్డే." "నేను చూసిన" లోపలి వరస మాత్రం మారలేదు, కర్త పక్కన క్రియ అక్కడ ముందే ఉంది మరి. ఒకప్పుడు నేను ఇలాంటివాటికి భయపడి రెండు పొట్టి వాక్యాలు చేసుకునేవాణ్ణి.

ప్రశ్నల దగ్గర అద్దం పక్కన పెట్టేయండి. "వేర్ ఈజ్ హి?" అని అడుగుతాం. అదే ప్రశ్న ఇంకో వాక్యంలోకి దూరితే తిరిగి మామూలు వరసకు వస్తుంది: "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్." ఇక్కడ "వేర్ ఈజ్ హి" అనే నా అలవాటు అన్నిటికంటే ఆలస్యంగా వదిలింది.

కత్తెర ఎన్నాళ్లంటే, "ఐ" తర్వాత క్రియ తడుముకోకుండా వచ్చేదాకా. తర్వాత ఫోన్లో రెండు నిమిషాలు మీ రోజు గురించి రికార్డు చేసి వినండి. ఎక్కడ ఆగారో ఆ వాక్యాన్నే మళ్లీ కత్తిరించండి. నాకు ఇప్పటికీ నెలకో వాక్యం అలా చిక్కుతుంది, సాధారణంగా ఎవరిమీదో కోపంతో మాట్లాడేటప్పుడు.