హంగరీ లేసు పక్కన మన నరసాపురం లేసు: మూడు రోజుల ప్రదర్శన

నేను సంక్రాంతికే పెడతాను. వానాకాలం వద్దు, డెల్టా తేమకి గుడ్డ బూజు పడుతుంది.

హంగరీ హలాష్ లేసు ఫొటోలు పెద్దవిగా ప్రింట్ తీయించండి. 1902లో మొదలైన ఆ లేసు సూదీ దారంతో కుట్టేది, మనది కొక్కెం సూదితో అల్లేది. ఈ తేడా చెప్పే చీటీ తప్పకుండా పెట్టండి. పిల్లలు అక్కడే ఆగుతారు.

లేసుకి గుండుసూదులు గుచ్చకండి. తుప్పు మరక వదలదు. మా అమ్మమ్మ అల్లిన టేబుల్ క్లాత్ అలాగే పాడైంది, ఇప్పటికీ బాధే. ముదురు నీలం కాటన్ గుడ్డని రంగు దిగడం ఆగేదాకా ఉతికి ఆరబెట్టి, దానిమీద వదులు కుట్లతో నిలపండి. కిటికీలకు పరదాలు వేయండి, వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాటకూడదు. అల్లినావిడని అడిగి ఆవిడ పేరు పెద్ద అక్షరాల్లో రాయండి. రిబ్బన్ ఆవిడతోనే కట్ చేయించండి.