తండ్రీకొడుకుల క్రైమ్ సినిమా రివ్యూలు ఎట్ల చదవాలె: మా నాయినకు సినిమా పెట్టే ముందు నేను చేసే పని

పండుగకు దేవరకొండ ఇంటికి పోయినప్పుడల్లా నాకొక డ్యూటీ ఉంటది, మా నాయినకు సినిమా పెట్టాలె. ఆర్టీసీల డ్రైవర్‌గ చేసి రిటైరైండు, తుపాకుల సినిమాలంటే ఇష్టం, అందుల తండ్రీకొడుకులుంటే ఇంకా ఇష్టం, ఎందుకని మాత్రం చెప్పడు. రెండేండ్ల కింద రేటింగ్ 90 పర్సెంట్ పైన ఉందని చూసి ఒకటి పెట్టిన, అర్ధగంటకే "బర్రెకు గడ్డేసొస్త" అని లేసిండు, పాలు గూడ పిండుకొచ్చిండు గాని టీవీ దిక్కు మళ్ళ రాలే. అప్పటి సంది రివ్యూలు చదివే పద్ధతే మార్చుకున్న, అదే రాస్తున్న.

ముందుగాల ఆ పర్సెంట్ సంగతి. రాటెన్ టొమాటోస్ అని క్రిటిక్స్ రివ్యూలన్ని ఒక్కకాడ పెట్టే సైటుంటది, అండ్ల 80 పర్సెంట్ అంటే సినిమాకు 80 మార్కులొచ్చినయని కాదు, వందమంది క్రిటిక్స్ల 80 మంది బాగుందన్నరని, అంతే. మన టెన్త్ రిజల్ట్స్ లెక్కన్నట్టు, బడిల అందరు 35కు పాసైనా పాస్ పర్సంటేజ్ 100 అని ఫ్లెక్సీ కడ్తరు గదా, గట్ల. అక్కడ 60 గాని ఆపైన గాని వస్తే ఫ్రెష్ అని ఎర్ర టొమాటో పెడ్తరు. ఎవరికెన్ని మార్కులొచ్చినయో కావాలంటే మెటాక్రిటిక్ అనే ఇంకో సైట్ చూడాలె, అది క్రిటిక్స్ ఇచ్చిన మార్కుల సగటు, అందుల గూడ కొందరి మాటకు బరువెక్కువ. సినిమాస్కోర్ అనేది ఇంకోటి, అమెరికాల రిలీజ్ రోజు థియేటర్కొచ్చినోళ్లను అడిగి గ్రేడ్ ఇస్తరు, మొదటిరోజు టికెట్ కొనుక్కొని పోయేటోడు ఇష్టపడే పోతడు గదా, కాబట్టి జర తగ్గించుకొని చూడాలె. మనదగ్గర మార్నింగ్ షో ముంగట మైకు పట్టుకొని తీసే పబ్లిక్ టాక్ ఉంటది, దాని గురించి నేను చెప్పేదేముంది.

ఇంకో తిరకాసు, స్టార్లు ఎన్నిట్లకు అన్నది చూడుండ్రి. మన తెలుగు సైట్లల్ల అయిదుకు, 2.75 అని 3.25 అని బంగారం తూచినట్టు ఇస్తరు, అమెరికాల చానామంది నాలుగుకే ఇస్తరు. మూడు స్టార్లు అంటే అక్కడ మంచి మార్కులే, ఇక్కడ "ఓసారి చూడొచ్చు".

ఇగ అసలు ముచ్చట. మొన్న దసరాకు నేను పెట్టింది రోడ్ టు పెర్డిషన్. 2002 జులైల వచ్చింది, సామ్ మెండెస్ డైరెక్టర్, 1998ల వచ్చిన ఒక కామిక్ పుస్తకం నుంచి తీసిన్రు. 1931ల ఇల్లినాయ్ దిక్కు కథ, టామ్ హ్యాంక్స్ ఒక మాఫియా పెద్దమనిషి దగ్గర మనుషులను చంపే పని చేస్తుంటడు, ఆ పెద్దమనిషి పాల్ న్యూమన్, సొంత కొడుకు కన్న ఈయననే ఎక్కువ చూసుకుంటడు, సొంత కొడుకేమో డేనియల్ క్రెయిగ్, అప్పటికింకా జేమ్స్ బాండ్ కాలే, ఆయనకు కడుపుమంట. ఇటు హ్యాంక్స్ పెద్దకొడుకు ఓ రాత్రి తండ్రికి తెల్వకుండ కారుల దాక్కొని పోయి చూడగూడనిది చూస్తడు. ఇంతవరకే చెప్తున్న.

దీనికి ఎక్కువ రివ్యూలు మంచివే. కాని రోజర్ ఈబర్ట్ రాసింది చదవుండ్రి, 1975ల పులిట్జర్ అవార్డ్ తెచ్చుకున్న అమెరికా క్రిటిక్, నాలుగుకు మూడిచ్చిండు. మూడిచ్చి గూడ ఏమంటడంటే, మెచ్చుకోవుడైతే మెచ్చుకున్న, నచ్చిందా అంటే మాత్రం ఇప్పటికీ తెల్వది, చల్లగుంది, మనల్ని బయటనే నిలబెడ్తది అని. ఇప్పుడు చెప్పుండ్రి, ఇది పాసా ఫెయిలా? టొమాటో లెక్కల మూడు స్టార్లంటే పాసే, ఆ గుంజాట ఏం కనవడది. అందుకే స్టార్లు చూసి పక్కకు పెట్టి, రివ్యూల ఏ మాట మళ్ళ మళ్ళ వస్తుందో పట్టుకోవాలె. ఒక నాలుగైదు రివ్యూలు చదివితే దొరుకుతది. ఈ సినిమాకు ఆ మాట "చల్లదనం". నచ్చినోడు నిగ్రహం అంటడు, నచ్చనోడు ప్రాణం లేదంటడు, ఇద్దరు చూసింది ఒకటే మొకం, నవ్వని హ్యాంక్స్ మొకం.

తర్వాత చెయ్యాల్సింది ఆ మాటను మనింటికి తెచ్చుకొని చూసుకోవుడు. నేను హైదరాబాద్ హాస్టల్‌కు పోయేటప్పుడు మా నాయిన బస్టాండుకొచ్చి, బస్సెక్కి, కిటికీ పక్క సీట్ల టవలేసి, బ్యాగు పైన పెట్టి అది కదుల్తదా లేదా అని రెండుసార్లు గుంజి చూసి, దిగిపోయేటోడు. పోయొస్త నాయిన అంటే "ఊఁ" అనేటోడు. మరి గిసోంటి ఇంట్ల పెరిగినోనికి తెరమీద మాట్లాడని తండ్రి చల్లగనిపిస్తడా? ఈబర్ట్ తప్పని అంటలేను, ఆయన గుండెకు తగల్లే, అది ఆయన నిజంగ రాసిండు, నాకు ఆ మాటే టికెట్ లెక్క పనికొచ్చింది, ఇది మా నాయిన సినిమా అని అక్కడే ఫిక్సైన.

అందరు ఒప్పుకునేది ఏందో, కొట్లాడుకునేది ఏందో వేరే చేసుకోవుడు గూడ అవసరమే. దీంట్ల అందరు ఒప్పుకున్నది ఫొటోగ్రఫీ. ఒక వాన సీన్ ఉంటది, రాత్రి, టోపీల మీంచి నీళ్లు కారుతుంటయ్, చీకట్ల నుంచి తుపాకీ మంట మెరుస్తది, తూటా సప్పుడు మాత్రం చానాసేపు రాదు, మ్యూజిక్కే. ఎవరు ఎవర్ని అని అడగకుండ్రి. ఆరు ఆస్కార్ నామినేషన్లొస్తే ఒక్కటే వచ్చింది, అది కెమెరా కాన్రాడ్ హాల్‌కు, కాని ఆయన 2003 జనవరిలనే చనిపోయిండు, మార్చిల అవార్డ్ తీసుకున్నది ఆయన కొడుకు. తండ్రీకొడుకుల సినిమాకు ఇంతకన్న ఏం గావాలె, అదట్లుండనియ్యుండ్రి.

పోలికలొస్తే సగం తీసేసి చదవుండ్రి. మాఫియా ఉండి తండ్రీకొడుకులుంటే సాలు, ప్రతోడు హాలీవుడ్ గాడ్‌ఫాదర్‌ను తెచ్చి పక్కన నిలబెడ్తడు, దాని పక్కన నిలబడ్డ సినిమా ఏది పొట్టిగ కనవడదు?

యానిమల్ గూడ తండ్రీకొడుకుల సినిమానే, దానికి మాత్రం ఈ పద్ధతి నడవది. 2023 డిసెంబర్ల వచ్చినప్పుడు క్రిటిక్స్ చీలిపోయింది సినిమా చల్లగుందా వేడిగుందా అని కాదు, సినిమాను తిట్టినోళ్లు గూడ రణబీర్ యాక్టింగ్‌ను మెచ్చుకున్నరు. హీరో చేసే పనులను, ఆడోళ్లతోటి మాట్లాడే తీరును సినిమా తప్పంటుందా సెబాసంటుందా అన్నది పంచాయతి. అసోంటప్పుడు ఎన్ని స్టార్లు అని కాదు, ఆ క్రిటిక్ ఎందుకు నొచ్చుకుండు అని చదవాలె. వసూళ్లు తెచ్చి మొకాన కొడితే ఆ ప్రశ్న పోదు. డైరెక్టర్ మన వరంగల్ మనిషైనా పోదు, నాకు తిట్లు రాసేటోళ్లు కింద రాసుకోవచ్చు.

సినిమా చూడకముందు రివ్యూల నడుమ పేరాలు దుంకేయుండ్రి, కథంతా ఆడ్నే కక్కుతరు. మొదటి పేరా, ఆఖరి పేరా సాలు. చూసినంక మాత్రం ముచ్చటగ మొత్తం చదవాలె, అసలు మజా అప్పుడే.

ఇంతకు మా నాయిన మొత్తం చూసిండు, బర్రె అరిచినా లేవలే. వాన సీన్‌కు ఏమన్లే. హ్యాంక్స్ పన్నెండేండ్ల కొడుక్కు కారు నడుపుడు నేర్పే కాడ మాత్రం ముందుకు వంగి కూసున్నడు.

"అప్పటి బండ్లకు పవర్ స్టీరింగ్ ఉండది, పిల్లగాని రెక్కలు పోతయ్" అన్నడు.

నన్నైతే ఎన్నడు స్టీరింగ్ ముట్టనియ్యలే గదా నాయిన అన్న.

"నువ్వెప్పుడు అడిగినవ్‌రా" అని, సౌండ్ జర పెంచుమన్నడు.