బిగుసుకుపోయిన యాంగిల్ కాక్ మార్చడం

వాష్ బేసిన్ కింద అర అంగుళం యాంగిల్ కాక్ (గోడ పైపు నుంచి బేసిన్‌కు నీళ్లు వదిలే, ఆపే చిన్న వాల్వ్) తిరగనని మొరాయించింది. బోరు నీళ్ల ఇళ్లలో ఇది మామూలే. స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కడ్డీ) చుట్టూ, గోడలోని మరల్లో తెల్లటి సున్నపు పొర రాయిలా పేరుకుంటుంది.

ముందు ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ కట్టేసి, కింది కుళాయి తిప్పి పైపులో నీళ్లు పోనిచ్చాను. కనెక్షన్ పైపు విప్పి, వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాక్ మొదట్లో చుట్టి గంట ఉంచాను.

అసలు జాగ్రత్త ఇక్కడే. గోడలో ఉన్నది సీపీవీసీ అనే ప్లాస్టిక్ ఎల్బో (పైపు వంపు ముక్క), దానిలో ఇత్తడి మరలు. ఒక్కసారిగా బలం పెడితే ఆ ఇత్తడి ముక్కే ప్లాస్టిక్‌లో తిరిగిపోతుంది, తర్వాత టైల్స్ పగలగొట్టాల్సిందే. మంట చూపించడం అసలొద్దు, సీపీవీసీ మెత్తబడుతుంది. పైపు రెంచీతో ముందు వెంట్రుకవాసి బిగించాలి, ఆ తర్వాత వదులు చేయాలి. అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే పొర చిట్లిన చిన్న శబ్దం వస్తుంది. ఇక సాఫీగా ఊడుతుంది.

లోపల కాక్ మర విరిగి ఉండిపోతే, హ్యాక్సా బ్లేడుతో ఆ ముక్కకే గాడి కోసి లోపలికి మడిచి తీయాలి. ఎల్బో మరలకు గీత పడకూడదు.

పాత బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, కొత్త కాక్‌కు టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే 10-12 చుట్లు చుట్టాను. బిగించాక కాక్ మూతి సరైన వైపుకు రాలేదని వెనక్కి తిప్పితే కారుతుంది. విప్పి మళ్లీ చుట్టాలి. నీళ్లు వదిలాక పొడి టిష్యూ కాగితం అంచుకు ఆనించి చూస్తే సన్నటి చెమ్మ కూడా తెలిసిపోతుంది.