కొట్టకపోయినా గృహహింసే: రక్షణ ఉత్తర్వుకు దరఖాస్తు ఎలా చేయాలి

"ఆయన ఏనాడూ చెయ్యెత్తలేదు, ఇక ఏమని కేసు పెట్టను?" చాలామంది ఈ మాట దగ్గరే ఆగిపోతారు. జీతం పడిన రోజే ఏటీఎం కార్డు లాగేసుకోవడం, పుట్టింటికి ఫోన్ చేస్తే స్పీకర్ ఆన్ చేయమనడం, గడప దాటితే లొకేషన్ పంపమనడం, ఎదురు చెబితే పిల్లల్ని దూరం చేస్తానని బెదిరించడం. దేనికదే చూస్తే ఇంటి గొడవలాగే ఉంటుంది. చెల్లెలితో మాట్లాడాలన్నా ముందు ఆయన మూడ్ ఎలా ఉందో చూసుకుంటున్నారంటే, అది గొడవ కాదు, అదుపు.

2005 నాటి గృహహింస చట్టం మాటలతో, మానసికంగా, డబ్బుతో పెట్టే హింసను కూడా హింసగానే చూస్తుంది. భార్యే కానక్కర్లేదు. తల్లి, అక్కాచెల్లెళ్లు, పెళ్లి తరహాలో ఒకే ఇంట్లో కలిసి ఉన్న మహిళ కూడా దరఖాస్తు చేయవచ్చు.

వేధింపులు ఆపమని కోర్టు ఇచ్చే ఆదేశమే రక్షణ ఉత్తర్వు. దానికోసం ముందు మీ జిల్లా రక్షణ అధికారిని కలవండి. ప్రొటెక్షన్ ఆఫీసర్ అంటే అందరికీ తెలుస్తుంది. ఎక్కడుంటారో తెలియకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, హింసకు గురైన మహిళలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో అడిగినా చెబుతారు. మీ ఫోన్ ఆయన చూస్తారని అనుమానం ఉంటే పక్కింటివాళ్ల ఫోన్ వాడండి. కేసు పెడుతున్నానని ముందే ఇంట్లో చెప్పకండి. పట్టు జారుతోందని తెలిసినప్పుడే కొందరు మరీ ప్రమాదకరంగా మారతారు. ప్రాణభయం ఉంటే వెంటనే 112కి ఫోన్ చేయండి.

అధికారి మీరు చెప్పింది ఫారం 1లో గృహ సంఘటన నివేదికగా రాస్తారు. ఉద్యోగానికి వెళ్లనివ్వకపోవడం, ఇల్లు దాటనివ్వకపోవడం, ఫలానావాళ్లను కలవనివ్వకపోవడం, జీతం లాక్కోవడం అన్నీ ఆ ఫారంలోనే ఉన్నాయి. కాబట్టి "టార్చర్ పెడుతున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఇలా చెప్పండి: "గత నెల 1న జీతం 18,000 పడింది. సాయంత్రానికల్లా ఆయన తన ఖాతాకు మార్చుకున్నారు. కూరగాయలకు 200 ఇచ్చి, రాత్రి చిట్టీ రాసి చూపించమన్నారు. 12 రూపాయల లెక్క తేలలేదని పిల్లల ముందు తిట్టారు." తేదీ, మాట, డబ్బు, చూసినవాళ్లు. ఎన్ని గుర్తుంటే అన్నీ చెప్పండి. బ్యాంకు స్టేట్‌మెంట్, మెసేజ్‌లు ఉంటే జతచేయండి. లేవని మాత్రం ఆగిపోకండి.

కోర్టుకు వేసేది సెక్షన్ 12 దరఖాస్తు, ఫారం 2. కోర్టుల్లో దీన్ని డీవీసీ, అంటే డొమెస్టిక్ వయొలెన్స్ కేసు అంటారు. మేజిస్ట్రేట్ కోర్టులో మీరే వేయవచ్చు, రక్షణ అధికారి ద్వారా కూడా వేయవచ్చు. ప్రస్తుతం పుట్టింట్లో తాత్కాలికంగా తలదాచుకుంటున్నా, ఆ ఊరి పరిధిలోని కోర్టు చాలు. ఆదాయం ఎంతున్నా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. దాని నంబరు 15100.

ఏం కావాలో స్పష్టంగా అడగండి: వేధింపులు ఆపాలి, ఇంట్లోంచి గెంటకూడదు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక కస్టడీ, మీ బంగారం, సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వాలి. ఇల్లు ఆయన పేరునో, మామగారి పేరునో ఉన్నా, మీరు కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది.

మామూలుగా 3 రోజుల్లో మొదటి విచారణ జరగాలని, 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఆలస్యం జరుగుతోంది. అందుకే ఫారం 3 అఫిడవిట్‌తో మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోగా ఇచ్చే తాత్కాలిక ఉత్తర్వు, తప్పకుండా అడగండి. అవతలివాళ్లు రాకపోయినా అది ఇవ్వవచ్చు.

ఉత్తర్వు కాపీ ఉచితం. స్టేషన్‌కూ ఒకటి వెళ్తుంది. మీ కాపీని ఫొటో తీసి, నమ్మకమైన ఒకరి ఫోన్‌లో ఉంచండి. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. అది నాన్‌బెయిలబుల్ నేరం. ఉత్తర్వు తర్వాత ఒక్క బెదిరింపు మెసేజ్ వచ్చినా డిలీట్ చేయకుండా స్టేషన్‌కు తీసుకెళ్లండి.