ఫ్లోరైడ్ నీళ్లు, మైటోసాక్స్ డై: కణాల్లో సూపరాక్సైడ్ పరీక్ష ఎలా చేయాలి

కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య తరాల నుంచీ ఉంది. పళ్లు గారపట్టడం, కాళ్లు వంకర్లు పోవడం అక్కడివాళ్లు కళ్లారా చూస్తున్నదే. ఆ ఫ్లోరైడ్ కణం లోపల మైటోకాండ్రియాను ఏం చేస్తుందో ఒంగోలులోనో నెల్లూరులోనో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చూడాలనుకునే వాళ్ల కోసం ఈ పద్ధతి. మైటోకాండ్రియా దెబ్బతిన్నప్పుడు అక్కడ సూపరాక్సైడ్ అనే, కణాన్ని దెబ్బతీయగల ఆక్సిజన్ రూపం పెరగొచ్చు. దాంతో కలిస్తే ఎర్రగా వెలిగే రంగే మైటోసాక్స్ డై. డై వెలిగించడం తేలిక. ఆ వెలుగు దేని వల్ల వచ్చిందో తేల్చుకోవడమే అసలు పని.

ముందు డోసు లెక్క. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. ఫ్లోరైడ్ పరమాణు భారం 19 కనుక 1 మిల్లీమోలార్ అంటే లీటరుకు 19 మిల్లీగ్రాములు. కణాల మీద 5 మిల్లీమోలార్ పోస్తే అది 95 మిల్లీగ్రాములు! పైగా లివరు కణానికి తగిలేది బోరు నీళ్లు కాదు, రక్తం. రక్తంలో ఫ్లోరైడ్ మైక్రోమోలార్లలోనే (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు) ఉంటుంది. అందుకే 10, 50, 200 మైక్రోమోలార్లు పెట్టుకుని, చివర్లో 1 మిల్లీమోలార్ ఒక్కటి చేర్చండి. పెద్ద డోసుతో గ్రాఫు అందంగా వస్తుంది గానీ, కనిగిరి మనిషి ఒంట్లో జరిగేదేమిటో అది చెప్పదు.

స్టాక్ (పలచన చేసి వాడుకునే చిక్కటి ద్రావణం) కోసం 42 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్‌ను 10 మిల్లీలీటర్ల శుద్ధ నీటిలో కరిగిస్తే 100 మిల్లీమోలార్ వస్తుంది. 0.22 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టి ప్లాస్టిక్ ట్యూబులోనే ఉంచండి. గాజును ఫ్లోరైడ్ తినేస్తుంది. మిల్లీలీటరు మీడియాకు (కణాలు పెరిగే పోషక ద్రవం) 10 మైక్రోలీటర్ల స్టాక్ కలిపితే సుమారు 1 మిల్లీమోలార్. సోడియం వల్ల తేడా రాలేదని చూపించడానికి అంతే మోలారిటీలో ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్ పోసిన వెల్స్ (కణాలు పెంచే ప్లేటులోని గుంటలు) కూడా ఉండాలి. డోసు పెంచేకొద్దీ మీడియాలోని కాల్షియంతో కలిసి ఫ్లోరైడ్ అడుగుకు దిగుతుంది. మైక్రోస్కోపు కింద కణాల మధ్య సన్నటి ఇసుకలా మెరిస్తే మీరు రాసుకున్న డోసు కణాలకు అందలేదన్నమాట.

హెప్‌జీ2 లాంటి లివరు క్యాన్సర్ కణాలను లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజున్న మీడియాలో పెంచితే అవి ఎక్కువగా గ్లైకాలసిస్ (మైటోకాండ్రియా బయటే గ్లూకోజును విరిచి శక్తి తీసుకోవడం) మీదే బతికేస్తాయి. మైటోకాండ్రియాకు పెద్దగా పని ఉండదు. 1 గ్రాము గ్లూకోజున్న మీడియాకు కొన్ని రోజుల ముందే అలవాటు చేయండి. అడుగు పారదర్శకంగా ఉన్న నల్ల 96 వెల్స్ ప్లేటులో వెల్‌కు 10,000 కణాలు వేసి, అవి అతుక్కున్నాక 24 గంటలు ఫ్లోరైడ్ పెట్టండి.

ఇక డై. మైటోసాక్స్ రెడ్ 50 మైక్రోగ్రాముల వయల్లో 13 మైక్రోలీటర్ల చెమ్మ లేని డీఎంఎస్‌ఓ (డైని కరిగించే ద్రవం) పోస్తే 5 మిల్లీమోలార్ అవుతుంది. దాంట్లోంచి 2 మైక్రోలీటర్లు తీసి 18 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓలో కలపండి. అందులో 2 మైక్రోలీటర్లను కాల్షియం, మెగ్నీషియం ఉన్న 2 మిల్లీలీటర్ల గోరువెచ్చని హెచ్‌బీఎస్‌ఎస్ అనే లవణ ద్రావణంలో కలిపితే 500 నానోమోలార్. కణాల మీది మీడియా తీసేసి వెల్‌కు 100 మైక్రోలీటర్ల చొప్పున పోయండి. చీకట్లో, 37 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి, మూడుసార్లు మెల్లగా కడిగి వెంటనే ప్లేట్ రీడరులో (వెలుగును కొలిచే యంత్రం) రీడింగ్ తీయండి. ఎక్సైటేషన్ (డై మీద వేసే కాంతి) 510, ఎమిషన్ (డై తిరిగి ఇచ్చే కాంతి) 580 నానోమీటర్లు. రీడరులో వీలుంటే ఎక్సైటేషన్ 396 దగ్గర కూడా తీయండి. సూపరాక్సైడ్‌తో మాత్రమే ఏర్పడే 2-హైడ్రాక్సీ మైటో-ఇథిడియం అక్కడ కాస్త విడిగా కనిపిస్తుంది. పూర్తిగా విడదీయాలంటే పదార్థాలను వేరుచేసే హెచ్‌పీఎల్‌సీ యంత్రమే మార్గం.

ఈ డై గాలికి, వెలుతురుకు కూడా తనంతట తాను ఆక్సీకరణ చెందుతుంది. డీఎంఎస్‌ఓ చెమ్మ పీల్చుకుంటుంది. కాబట్టి తెరిచిన వయల్‌ను ఆ రోజే వాడేయండి, గడ్డకట్టించి మళ్లీ మళ్లీ తీయొద్దు. మే నెలలో రోహిణీ కార్తె ఎండకు పార్సిల్లో డ్రై ఐస్ మిగలకపోతే, ఆ డైని పాజిటివ్ కంట్రోల్‌తో (సూపరాక్సైడ్ తప్పక పెరగాల్సిన కణాలు) పరీక్షించాకే నమ్మండి.

కంట్రోల్స్ దగ్గర పొదుపు చేయకండి. డై లేని కణాలు, కణాలు లేని డై తప్పనిసరి. పాజిటివ్ కంట్రోల్‌కు 10 మైక్రోమోలార్ల యాంటీమైసిన్ ఏ, 30 నిమిషాలు. ఇది మైటోకాండ్రియా శక్తి తయారీ గొలుసులోని కాంప్లెక్స్ 3ని అడ్డుకుని సూపరాక్సైడ్ పెంచుతుంది. విషం, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. దాంతోపాటు మైటోటెంపో (మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్‌ను తీసేసే మందు) ఇచ్చిన వెల్స్‌లో వెలుగు తగ్గాలి.

అందరూ వదిలేసేది మైటోకాండ్రియా పొర వోల్టేజి కంట్రోల్. మైటోసాక్స్‌కు ధనావేశం ఉంటుంది, మైటోకాండ్రియా లోపలి రుణావేశమే దాన్ని లాగుతుంది. ఫ్లోరైడ్ వల్ల ఆ వోల్టేజి పడిపోతే డై లోపలికి తక్కువ పోతుంది, సూపరాక్సైడ్ తగ్గినట్టు కనిపిస్తుంది. డై మోతాదు ఎక్కువైనా, వోల్టేజి పోయినా అది బయటికొచ్చి న్యూక్లియస్‌లో డీఎన్‌ఏకు అంటుకుని బాగా వెలుగుతుంది. ప్లేట్ రీడరుకు ఈ తేడా తెలియదు, అంకె పెరిగిందని మాత్రమే చెబుతుంది. అందుకే కొన్ని వెల్స్‌ను మైక్రోస్కోపులో చూడండి. ఎరుపు కణమంతా దారాల్లా పరుచుకుని ఉంటే సరే. మధ్యలో గుండ్రటి బిళ్లలా మెరిస్తే ఆ రీడింగు పనికిరాదు. వేరే వెల్స్‌లో 20 నానోమోలార్ల టీఎంఆర్‌ఎం అనే మరో డైతో వోల్టేజి కూడా కొలవండి.

మైటోసాక్స్ ఒక్కదాన్నే నమ్మి తీర్పు ఇవ్వకండి. అకోనిటేజ్ అనే ఎంజైములోని ఇనుము-గంధకపు గుంపును సూపరాక్సైడ్ దెబ్బతీస్తుంది. ఆ ఎంజైము చురుకు కూడా తగ్గితే మీ మాటకు బలం వస్తుంది. కాస్త పెరిగినంత మాత్రాన జబ్బు అని కూడా రాయొద్దు. సూపరాక్సైడ్‌ను మైటోకాండ్రియాలోని ఎస్‌ఓడీ2 అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, అది కొద్ది మోతాదులో కణానికి సంకేతంగా పనికొస్తుంది. అదే ఎస్‌ఓడీ2 అసలు లేకుండా పుట్టించిన ఎలుక పిల్లలు ఎక్కువ కాలం బతకలేదని 1995, 96లో చూశారు. అంటే మోతాదూ, చోటూ రెండూ లెక్కలోకి వస్తాయి.

రీడింగు అయ్యాక అదే ప్లేటులో ప్రొటీన్ కొలిచి, వెలుగును మైక్రోగ్రాము ప్రొటీనుకు లెక్కకట్టండి. 24 గంటల ఫ్లోరైడ్‌కు కొన్ని కణాలు చచ్చి ఊడిపోయి ఉంటాయి, ఈ లెక్క లేకుంటే వాటి లోటు కూడా సూపరాక్సైడ్ తగ్గుదలగా మీ గ్రాఫులో చేరిపోతుంది.