ఆగిన రక్తం మళ్లీ కారుతోందా? గడ్డ కట్టడం ఒక్కటే కాదు, కరగడం కూడా చూడాలి

పన్ను పీకించుకున్నారు, కాసేపు దూది నొక్కిపట్టుకుంటే రక్తం ఆగింది, ఇంటికి వచ్చేశారు. తీరా రాత్రికో మర్నాడు పొద్దుటికో మళ్లీ నోటినిండా రక్తం. ఇలా ఒకటికి రెండుసార్లు జరిగినా, పరీక్షల్లో ‘అన్నీ నార్మల్’ అని వస్తే చాలామంది అక్కడితో వదిలేస్తారు. దయచేసి వదిలేయకండి. పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచేవి), ప్లేట్‌లెట్ల సంఖ్య లాంటి మామూలు పరీక్షలు గడ్డ మొదలయ్యేదాకానే చూస్తాయి, ఆ కట్టిన గడ్డ ఎంతసేపు నిలబడుతోందో వాటికి తెలియదు.

లోపల జరిగేది ఇదీ. గాయమైన చోట ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి, వాటిమీద ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పోగులు వలలా అల్లుకుంటాయి, ఫ్యాక్టర్ 13 అనే మరో ప్రొటీన్ ఆ పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. గాయం మానుతున్నకొద్దీ ఆ వలను తీసేయాలి, లేకపోతే రక్తనాళం మూసుకుపోతుంది. అందుకే కాలేయం తయారుచేసిన ప్లాస్మినోజెన్ రక్తంలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, గడ్డ కట్టేటప్పుడే అందులో చేరిపోతుంది. రక్తనాళం లోపలి పొర నుంచి వచ్చే టీపీఏ అనే ఎంజైమ్ దాన్ని ప్లాస్మిన్‌గా మారుస్తుంది, ప్లాస్మిన్ ఫైబ్రిన్‌ను ముక్కలు చేస్తుంది. ఇది మితిమీరకుండా టీపీఏను పీఏఐ-1, ప్లాస్మిన్‌ను ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ అదుపు చేస్తాయి. ఈ రెంటిలో ఏది బాగా తగ్గినా గడ్డ బాగానే కడుతుంది, కానీ గాయం మానకముందే కరిగిపోతుంది.

సమస్య: రక్తం ఆగి, కొన్ని గంటలకో మర్నాడో మళ్లీ మొదలవుతోంది

ముందు తేలిగ్గా దొరికేవి చూడాలి. పుట్టుకతో గడ్డకట్టే ఫ్యాక్టర్ 8 లేదా 9 తక్కువగా ఉండే హీమోఫీలియాలో కూడా ఇలా ఆలస్యంగా రక్తం రావచ్చు, అందులో ఏపీటీటీ సాధారణంగా పెరుగుతుంది, కానీ తేలికపాటి హీమోఫీలియాలో నార్మల్‌గానే ఉండొచ్చు కాబట్టి ఫ్యాక్టర్ 8, 9 స్థాయులు విడిగా చూడాలి. ప్లేట్‌లెట్లు గాయానికి అతుక్కోవడానికి సాయపడే ప్రొటీన్‌ను చూసే వాన్ విల్లెబ్రాండ్ పరీక్షలు కూడా చేయించాలి.

అవీ బాగుంటే అప్పుడు ఫ్యాక్టర్ 13. ఇది పూర్తిగా లోపించినా పీటీ, ఏపీటీటీ మారవు, ఎందుకంటే ఫైబ్రిన్ కనబడగానే ఆ పరీక్షలు ముగుస్తాయి, ముడి పడిందా లేదా అన్నది వాటి పని కాదు. పుట్టిన బిడ్డకు బొడ్డు దగ్గర రక్తం ఆగకపోవడం దీనికి పెద్ద గుర్తు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఈ పిల్లలకు మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. గడ్డ యూరియాలో కరుగుతుందా అని చూసే పాత పరీక్ష తీవ్రమైన లోపాన్నే పట్టుకుంటుంది, అందుకని ఫ్యాక్టర్ 13 స్థాయిని కొలవమని అడగండి. ఈ ఫ్యాక్టర్ శరీరంలో చాలా రోజులు ఉంటుంది కాబట్టి దాదాపు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తే సరిపోతుంది. నిర్ధారణ అయితే బతుకు అంత మారుతుంది, అందుకే ఇంతగా చెప్పడం.

ఆ తర్వాత ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్, పీఏఐ-1 లోపాలు. ఇవి చాలా అరుదు, తీవ్రమైన రూపం రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు రావాలి. కెనడా కుటుంబాల్లో గుర్తించిన క్యూబెక్ ప్లేట్‌లెట్ డిజార్డర్ కూడా ఈ కోవదే: ప్లేట్‌లెట్లలో ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చే యూరోకైనేజ్ మోతాదు మించి ఉండి, గడ్డను లోపలినుంచే కరిగిస్తుంది. అక్కడ ప్లేట్‌లెట్లు ఎక్కించినా లాభం ఉండదు.

కరగడం ఎక్కువైన ఈ కేసుల్లో మందు ట్రానెక్సామిక్ యాసిడ్. ఫైబ్రిన్‌కు అతుక్కునే చోటును ప్లాస్మినోజెన్ మీద ఇది కప్పేస్తుంది, దాంతో గడ్డ నిలుస్తుంది. జపాన్‌లో ఉతాకో ఒకామోతో, ఆమె భర్త షోసుకే 1960లలో దీన్ని కనిపెట్టారు, ఇప్పటికీ ఇదే పనికొస్తోంది.

సమస్య: నోరు, ముక్కు, నెలసరి

ఈ మూడు చోట్లా గడ్డను కరిగించే చురుకుదనం సహజంగానే ఎక్కువ, కాబట్టి చిన్న లోపం కూడా ఇక్కడే ముందు బయటపడుతుంది. పన్ను తీయించుకునే ముందే డాక్టర్‌కి పాత సంగతులన్నీ చెప్పండి, ట్రానెక్సామిక్ యాసిడ్ మౌత్‌వాష్‌తో పని జరిగిపోవచ్చు. ఆ రోజు గట్టిగా పుక్కిలించొద్దు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మీ అంతట మీరు వేసుకోవద్దు. గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం అడగకుండా ఆపొద్దు.

గంటకో ప్యాడ్ మార్చాల్సి రావడం, పెద్ద పెద్ద గడ్డలు పడటం, నెలలు గడిచేసరికి రక్తహీనత... ఇది ‘అందరికీ ఉండేదే’ కాదు. ఆ మూడు నాలుగు రోజులూ ట్రానెక్సామిక్ యాసిడ్ వాడితే రక్తం బాగా తగ్గుతుంది. ఇదివరకు కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ వచ్చినవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లు మాత్రం డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు.

సమస్య: ఒక్కసారిగా పలుచోట్ల రక్తం, ఒళ్లంతా కమిలిన మచ్చలు

ఇది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏపీఎల్ అనే బ్లడ్ క్యాన్సర్, డీఐసీ (ఒళ్లంతా చిన్న నాళాల్లో గడ్డలు కట్టి, గడ్డకట్టే పదార్థాలు అయిపోయే స్థితి), ముదిరిన కాలేయ జబ్బు, కొన్ని పాముకాట్లు: వీటన్నింటిలోనూ గడ్డ కట్టే వ్యవస్థ, కరిగించే వ్యవస్థ రెండూ కలగాపులగం అవుతాయి. అసలు జబ్బుకు వైద్యం చేస్తూ ఫైబ్రినోజెన్ (ఫైబ్రిన్‌కు ముడిసరుకు), ప్లేట్‌లెట్లు నింపాలి. డీఐసీలో చిన్న నాళాల్లో గడ్డలు కడుతుండగా కరగడాన్ని ఆపితే నష్టం జరగొచ్చు, అందుకే ఆ నిర్ణయం రక్తవ్యాధుల నిపుణులైన హెమటాలజిస్ట్‌దే. కాన్పు తర్వాత విపరీతమైన రక్తస్రావం వేరే విషయం, అక్కడ మొదటి మూడు గంటల్లోపే 1 గ్రాము ట్రానెక్సామిక్ యాసిడ్ నరంలోకి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మూత్రంలో రక్తం వస్తుంటే ఈ మందు జోలికి సొంతంగా పోవద్దు, గడ్డ కరగక మూత్రనాళానికి అడ్డుపడవచ్చు.

సమస్య: డీ-డైమర్ ఎక్కువ వచ్చింది

టెన్షన్ పడకండి. ఫైబ్రిన్ కరిగినప్పుడు పడే ముక్కే డీ-డైమర్. గర్భం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్, పెద్ద వయసు, వీటిలో ఏదున్నా అది పెరుగుతుంది. గడ్డ ఉందన్న అనుమానం తక్కువగా ఉన్నవాళ్లలో నార్మల్ వస్తే గడ్డ లేదని చెప్పడానికి పనికొస్తుంది గానీ, ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉందని కాదు. కాలు ఒకవైపే వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా స్కాన్ చేసే తేల్చాలి.