మెరీనాకి వీల్‌చైర్‌లో పెద్దవాళ్లని తీసుకెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

చెన్నై మెరీనాలో వివేకానందర్ ఇల్లం దగ్గర, అలల దాకా వెళ్లడానికి చెక్క దారి ఉంది. 2022 నవంబరులో తెరిచారు, పొడవు 263 మీటర్లు. మరుసటి నెలే మాండూస్ తుఫానుకి కొంత దెబ్బతింది, తర్వాత బాగుచేశారు. కాబట్టి వానల రోజుల్లో దారి తెరిచి ఉందని తెలిశాకే ఆటో మాట్లాడండి.

• బ్రేకులు, టైర్లలో గాలి ముందురోజే చూడండి. కుర్చీ మడిస్తే ఆటోలో పడుతుందో లేదో కూడా.

• పలకల మీద ఇసుక పేరుకుంటుంది. ముందుండే బుల్లి చక్రాలు అందులో దిగబడ్డాక ఇంకా గట్టిగా తోశారో, కూర్చున్నవాళ్లు బోర్లా పడతారు. ఆగండి. కుర్చీని వెనక్కి తిప్పి, కాస్త వాల్చి, పెద్ద చక్రాల మీద మెల్లగా లాగండి. ఇద్దరుంటే టెన్షన్ ఉండదు.

• “తోయనా పిన్నీ?” అని అడగకుండా చెయ్యి వెయ్యొద్దు. సాయం పేరుతో లాక్కెళ్లేవాళ్లే ఎక్కువ!

• బాత్రూమ్ పని ఇంట్లోనే ముగించుకోండి. నీళ్ల సీసా, టోపీ, మందులు సంచిలో పెట్టుకోండి. ఎండ తగ్గాకే బయల్దేరండి.

• చూపు లేనివాళ్లు వస్తే పలకల అంచు ఎటుందో ముందే చెప్పండి. మీ మోచెయ్యి వాళ్లు పట్టుకుంటారు, వాళ్ల చెయ్యి మీరు లాగక్కర్లేదు.

• మెరీనాలో నీటి లాగుడు ఎక్కువ. దారి చివర బ్రేకు వేసి, అక్కడినుంచే సముద్రం చూడండి.

• ఇంటికి రాగానే చక్రాలు మంచినీళ్లతో కడిగి తుడవండి, ఉప్పుకి తుప్పు పడుతుంది.